మంజీర నుంచి పాపికొండల దాకా: నది ఫొటోల సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కిష్టారెడ్డిపేట, అమీన్‌పూర్, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చినవే. దాదాపు అన్నీ నది గురించి, ఒడ్డున బతికే జీవాల గురించి. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నాది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆదివారం ఒక్కటే నా చేతిలో ఉంటుంది. అమెజాన్ లాంటి మహానదినీ, అక్కడి అడవినీ, జంతువులనూ ఫొటోలు తీయాలని ఏళ్లనాటి కోరిక. అంత స్తోమత లేదు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, కిష్టారెడ్డిపేట)

జవాబు: "మంజీర నీళ్లొచ్చాయా?" అని మీ వీధిలో ఒకరినొకరు అడుగుతుంటారు కదా, ఆ మంజీర దగ్గరే మొదలుపెట్టండి. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర ఈ నది గోదావరిలో కలుస్తుంది. సింగూరు డ్యామ్‌కీ మంజీర బ్యారేజీకీ మధ్యనున్న భాగాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. సంగారెడ్డి పక్కనున్న కల్పగూర్ దాకా వెళితే చాలు.

అమెజాన్ అడవిలో చెట్లు నూరడుగులు దాటి పెరుగుతాయి. ఆ ఆకుల గుబురులో జంతువు ఉన్నా కంటికి ఆనదు. అందుకే అక్కడి ఫొటోగ్రాఫర్లు నీరు తగ్గే కాలం కోసం కాచుకుంటారు. ఇసుక తిన్నెలు తేలితే జంతువులు ఒడ్డుకొస్తాయి. ఎక్కువ భాగం బ్రెజిల్‌లో ఉన్న పంటనాల్ చిత్తడి నేలల్లో జాగ్వార్ ఫొటోలకు జులై నుంచి అక్టోబరు వరకు గిరాకీ ఉండేది ఇందుకే. మంజీరకూ ఇదే సూత్రం పనిచేస్తుంది. చలికాలం ఉదయాల్లో మొసళ్లు వెచ్చదనం కోసం గట్టెక్కి పడుకుంటాయి. ఒకే మలుపును ఎంచుకుని పది ఆదివారాలు అక్కడికే వెళ్లండి. ఏ పక్షి ఏ రాయి మీద వాలుతుందో, ఎండ ముందు ఏ గట్టు మీద పడుతుందో మీకు తెలిసిపోతుంది. పది చోట్లకు ఒక్కోసారి వెళితే ఆ ఎరుక రాదు.

ప్రశ్న: అమీన్‌పూర్ చెరువు దగ్గర తెల్లకొంగను తీస్తే సున్నపు ముద్దలా వస్తోంది. నీటికాకి నల్లటి మచ్చలా వస్తోంది. కెమెరాలో లోపమా? (ఒక విద్యార్థిని, అమీన్‌పూర్)

జవాబు: కెమెరాలో లోపమేమీ లేదమ్మా. ఫ్రేములో ఉన్నదాన్నంతా మధ్యస్థమైన వెలుగుకు తేవాలని కెమెరా చూస్తుంది. కొంగ వెనక ముదురు రంగు నీళ్లుంటే, ఆ చీకటిని చూసి మొత్తం బొమ్మను వెలిగిస్తుంది. దాంతో ఈకల గీతలన్నీ తెలుపులో కలిసిపోతాయి. వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటికి తెచ్చి చూడు. మెరిసే నీళ్ల మీద నీటికాకి ఉంటే ప్లస్ ఒకటి పెట్టు. తెలుపులో పోయిన వివరాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు కాబట్టి అనుమానం వస్తే తగ్గించడమే మంచిది.

కూర్చున్న పక్షికి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎగిరే పక్షికి 1600వ వంతు పెట్టుకో. నిలబడి తీయకు. గట్టు మీద కూర్చుని, పక్షి కంటి ఎత్తుకు కెమెరాను దించు. నువ్వు అభ్యాసం చేస్తున్నది మామూలు చెరువు కాదు. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది.

ప్రశ్న: మార్గశిరంలో కుటుంబంతో పాపికొండలు వెళ్తున్నాం. లాంచీలోంచి ఫొటోలు కదిలిపోకుండా ఎలా తీయాలి? (ఒక పాఠకుడు, పటాన్‌చెరు)

జవాబు: మంచి సమయం ఎంచుకున్నారు. గోదావరిలో వరదనీటి ఎరుపు తగ్గి ఉంటుంది, కొండల పచ్చదనం తగ్గి ఉండదు. ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేయండి. లాంచీ ఇంజను అదురు దాని కాళ్ల గుండా నేరుగా కెమెరాలోకి ఎక్కుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, చేత్తోనే పట్టుకోండి. మీ ఒళ్లే ఆ అదురును పీల్చుకుంటుంది.

పాపికొండల అందమంతా నది ఇరుకవడంలోనే ఉంది. లాంచీ మలుపు తిరిగేటప్పుడు ఒక గోడ ఎండలో, ఇంకొకటి నీడలో కనబడుతుంది. ఎండపడ్డ కొండకు వెలుగు కొలిచి, నీడను నీడగానే ఉండనివ్వండి. దూరాన ఒక నాటుపడవో, ఒడ్డున గుడిసో ఫ్రేములో ఉంటే కొండ ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలుస్తుంది. అక్కడి అడవి 2008 నుంచి జాతీయ ఉద్యానవనం, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. లైఫ్ జాకెట్ తీయకండి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, గోదావరి పొంగి ఉన్న రోజున, పర్యాటకుల బోటు మునిగి పదులమంది ప్రాణాలు పోయాయి. మీరు వెళ్తున్నది అదే దారి.

ప్రశ్న: వానాకాలంలో లెన్సు లోపల సాలీడు గూడు లాంటి పోగులు కనిపిస్తున్నాయి. తుడిస్తే పోవడం లేదు. (ఒక గృహిణి, బీరంగూడ)

జవాబు: అది బూజు. లోపలి అద్దం మీద పెరుగుతుంది కాబట్టి బయట తుడిస్తే పోదు. లెన్సు విప్పడం తెలిసిన మెకానిక్కుకు వెంటనే చూపించండి. ఆలస్యమైతే అద్దం పూతను తినేస్తుంది. నా మొదటి జూమ్ లెన్సును నేను అలాగే పోగొట్టుకున్నాను. తడిసిన తోలు సంచిలో రెండు నెలలు ఉంచేశాను. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరాను అందులో పెట్టండి. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటకు తీయకండి. చల్లటి అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి, బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

ప్రశ్న: సెల్‌ఫోన్‌తో తీస్తాను. మొసలికీ, పక్షి గూటికీ ఎంత దగ్గరగా వెళ్లొచ్చు? (ఒక పాఠకుడు, సంగారెడ్డి)

జవాబు: మీ వల్ల దాని పని ఆగనంత దూరంలో ఉండండి. మొసలి తల ఎత్తిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారన్నమాట. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అవి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో తిన్నెల మీద అడుగు పెట్టనే వద్దు. తీతువు పిట్ట అదేపనిగా అరుస్తూ మీ చుట్టూ తిరుగుతోందంటే గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉన్నాయని అర్థం. అది గూడు విడిచి తిరిగినంతసేపూ ఎండ ఆ గుడ్లను కాలుస్తుంది. వెంటనే వచ్చిన దారినే వెనక్కి రండి. అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి అవసరమని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. డ్రోన్ ఆలోచన మానుకోండి.

ప్రశ్న: బడిపిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పుతున్నాను. అందమైన మంజీరనే చూపించాలా? వాగుల్లో నురగ, చచ్చిన చేపలు కూడా తీయించాలా? (ఒక ఉపాధ్యాయురాలు, కిష్టారెడ్డిపేట)

జవాబు: రెండూ తీయించండి టీచరుగారూ. మీ వైపు ఫ్యాక్టరీల మురుగు మోసిన నక్కవాగు చివరికి మంజీరలోనే కలుస్తుంది. ఆ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఇలా రెండువైపులా చూసిన బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సాల్గాడో 2021లో అమెజాన్ మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అంతకు ముందే, 1998లో, ఎండిపోయిన తమ పొలాన్ని మళ్లీ అడవిగా మార్చడానికి భార్యతో కలిసి ఒక సంస్థ పెట్టి లక్షల మొక్కలు నాటించారు. 2025లో ఆయన కన్నుమూశారు. ప్రేమించిన చోటి గాయాన్ని చూడటం కూడా ఫొటోగ్రాఫర్ పనేనని ఆయన జీవితం నాకు నేర్పింది.

వాగు గట్టున ఒక చెట్టును గుర్తు పెట్టుకుని, ప్రతి నెలా ఒకే తేదీన, అదే చోట నిలబడి ఒక్క ఫొటో తీయించండి. పిల్లలను నీళ్లలో దిగనివ్వకండి. అసలు ఫైలును మార్చకుండా తేదీతో దాచండి. ఎప్పుడైనా ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే సాక్ష్యం. ఏడాదికి పన్నెండు ఫొటోలను తరగతి గోడకు వరసగా అంటించండి. నురగ ఏ నెలలో వచ్చిందో, కొంగలు ఏ నెలలో మానేశాయో పిల్లలే పోల్చుకుంటారు. ఎందుకని మిమ్మల్ని అడుగుతారు. వాళ్లు ఆ ప్రశ్న అడిగిన రోజున మీరు నేర్పాల్సింది నేర్పినట్టే.