రాణి ఉందా, లేదా?

తేనెటీగల పెట్టె మూత తీయగానే కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు రాణి కోసం వెతకడం. నేనూ అదే చేశాను. వేల ఈగల్లో ఒక్క ఈగ! పైగా పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండే మన నాటు తేనెటీగల్లో రాణి మహా బెదురు. కాస్త అలికిడైతే చాలు, గుంపులో దూరిపోతుంది. రెండుసార్లు వెతికినా కనబడలేదు, గుడ్లూ లేవు. రాణి చచ్చిపోయిందని తీర్మానించి, పక్క పెట్టెలోంచి మూతవేసిన రాణి గది ఒకటి కోసి తెచ్చి అతికించాను. రెండోనాటికి ఆ గదికి పక్కన కన్నం పెట్టి లోపలి పిల్లను చంపేశాయి. నేను ఊరుకోక రోజూ మూత తీసి కెలికాను. వారం తిరక్కుండా ఈగలన్నీ లేచిపోయాయి. మా నాన్న ఏమీ అనలేదు. ఖాళీ పెట్టెను తెచ్చి పశువుల పాకలో బోర్లించాడు.

నిజానికి ఆ పెట్టెలో రాణి ఉంది, కాకపోతే ఇంకా జతకట్టని కన్యరాణి. ఫ్రేము కింది అంచున, డబ్బా మూత తెరిచినట్టు కొన గుండ్రంగా తెగిన ఖాళీ రాణి గది వేలాడుతూనే ఉంది. అంటే పాత రాణి సగం ఈగలతో గుంపు కట్టి వెళ్ళిపోయింది, కొత్తది పుట్టింది. పుట్టిన రాణి ముదిరి, బయట ఎగిరి జతకట్టి, గుడ్లు మొదలుపెట్టేసరికి సుమారు 2 వారాలు పడుతుంది. ఆ రోజుల్లో గుడ్లు లేకపోవడం జబ్బు కాదు.

కాబట్టి చూడవలసింది గదుల అడుగు. ఎండ మన భుజం మీదుగా గదుల్లోకి పడేట్టు ఫ్రేము పట్టుకోవాలి. మొదటిరోజు గుడ్డు సన్నని తెల్లటి పుల్లలా నిటారుగా ఉంటుంది, రెండోరోజు వాలుతుంది, మూడోరోజు పడుకుంటుంది. ఆపైన పిల్లపురుగే. నిటారు గుడ్డు కనబడిందంటే నిన్నోమొన్నో రాణి అక్కడ తిరిగిందన్నమాట. ఇక ఆవిడ దర్శనంతో పనిలేదు. గుడ్లు లేక పురుగులు మాత్రం ఉంటే 3 రోజులు దాటాయని, మూతవేసిన గదులే మిగిలితే 8, 9 రోజులు దాటాయని లెక్క. రాణి గదులు అంచున కాక ఫ్రేము నడిమధ్య, మామూలు గదులనే సాగదీసి కట్టినట్టుంటే రాణి ఉన్నట్టుండి పోయిందని అనుమానించాలి.

గుడ్లు ఉన్నంత మాత్రాన క్షేమమనీ కాదు. రాణి పోయి ఆలస్యమైతే కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెడతాయి. మన నాటు ఈగల్లో ఈ అవస్థ మరీ త్వరగా వస్తుంది. వాటి పొట్ట పొట్టి, అడుగు అందదు. అందుకని ఒక్కో గదిలో నాలుగైదు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటాయి. జతకట్టనివి గనుక అన్నీ పోతుటీగలే అవుతాయి. ఫలదీకరణ లేని గుడ్డు నుంచి పోతుటీగ పుడుతుందని 1845లో జీర్జోన్ అనే మతగురువు చెప్పాడు. మన ప్రాక్టికల్స్‌లో ఈగ కాలి స్లైడు చూపిస్తారు గాని, గుడ్డు ఎవరూ చూపించరు! అదే గదికొక్క గుడ్డు చొప్పున అడుగునే ఉండి, కూలి ఈగల గదుల మూతలు బుడిపెల్లా ఉబ్బితే, రాణి ఉంది గాని దాని దగ్గర వీర్యం లేదు. మన నాటు ఈగల్లో పోతుటీగ గది మూతకు నడుమ సూదిబెజ్జం కూడా ఉంటుంది, పోల్చుకోవడం తేలిక. కొత్తగా గుడ్లు మొదలెట్టిన రాణి కూడా ఒకే గదిలో రెండు మూడు పెట్టవచ్చు. నాలుగు రోజులు ఆగి చూడాలి.

అప్పటికీ తేలకపోతే మంచి పెట్టెలోంచి గుడ్లు, లేత పురుగులు ఉన్న ఫ్రేము ఒకటి ఈగల్ని దులిపి పెట్టాలి (దులపకపోతే ఆ రాణి కూడా వచ్చిపడుతుంది). 2, 3 రోజుల్లో దాని మీద రాణి గదులు కడితే రాణి లేనట్టే. కట్టకపోతే, గోడలకు గుడ్లు కూడా లేకపోతే, ఎక్కడో ఉంది. మన ఊహ తప్పినా ఈ పరీక్షతో నష్టం లేదు. నేను అతికించిన రాణి గదికి బదులు ఇది చేసి ఉంటే సరిపోయేది.

మొన్న వేసవిలో వేపచెట్టుకు దిగిన గుంపును పట్టి నాన్నా నేనూ ఆ పెట్టెలోనే వేశాం. సెలవుల్లో వెళ్ళి ఒక్కసారి తెరిచాను. రాణి కనబడలేదు. నాలుగో ఫ్రేములో నిటారు గుడ్లున్నాయి. మూత పెట్టేశాను.