ఆరోగ్య పాఠం: బొగ్గు స్టౌ వేడి ఇవ్వడం లేదా? ముందు గాలి సంగతి చూడండి



పోయిన చలికాలంలో ఓ.పి.కి వచ్చిన ఒక తల్లి, అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటున్న కొడుకు గురించి చెప్పారు. "పాత బొగ్గు స్టౌ ఒకటి చవకగా దొరికితే కొని, గోడలోని ఫైర్‌ప్లేస్‌లో పెట్టించుకున్నారండీ. బొగ్గు ఎంత వేసినా ఇల్లు వెచ్చబడడం లేదట. పొద్దున లేచేసరికి అందరికీ తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటోందట. చలికేనంటారా?"

మేము వెంటనే ఆమె చేత ఫోన్ చేయించాము. "అందరూ ఇంట్లోంచి బయటికి వచ్చి 911కు చెప్పండి" అన్నాము. అగ్నిమాపక సిబ్బంది వచ్చి కొలిస్తే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంది. పొగగొట్టం బూడిదతో సగం పూడిపోయింది. దేవుని కృపవల్ల అందరూ క్షేమంగా ఉన్నారు.

మన సంఘాల పిల్లలు చాలామంది చలి దేశాల్లో ఉన్నారు. పెన్సిల్వేనియా మనకు కొత్త పేరు కాదు. 1883లో గుంటూరుకు వచ్చి స్త్రీలకు వైద్యం చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడివారే. ఆ రాష్ట్రపు ఈశాన్య భాగంలో ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు దొరుకుతుంది. అందుకే అక్కడ కొందరు ఇప్పటికీ బొగ్గుతో ఇల్లు వెచ్చబెట్టుకుంటారు.

వేడి ఎందుకు తగ్గుతుంది?

స్టౌ పూర్తిగా చల్లారిన తరువాత ఈ క్రమంలో చూడాలి.

1. పొగగొట్టం: వేడి గాలి పైకి పోతేనే కింద నుంచి కొత్త గాలి నిప్పులోకి వస్తుంది. గొట్టంలో బూడిద, పక్షి గూడు ఉంటే నిప్పు మందగిస్తుంది. ఫైర్‌ప్లేస్ చిమ్నీ మరీ వెడల్పయితే పొగ చల్లబడి పైకి లాగదు. స్టౌకు సరిపడే స్టీలు గొట్టాన్ని చిమ్నీ పైదాకా వేయించాలి. ఇది చిమ్నీ పని తెలిసినవారే చేయాలి.

2. తలుపు: పాత స్టౌలో తలుపు చుట్టూ ఉండే తాడు లాంటి గాస్కెట్ అరిగిపోతుంది. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. ఆంత్రసైట్‌కు గాలి కింద నుంచి అందాలి. పైనుంచి దూరే గాలి వేడిని గొట్టంలోకి తీసుకుపోతుంది.

3. జాలీ, బూడిద: నిప్పు కింది ఇనుప జాలీలో బూడిద, చిట్టెం గడ్డలు పేరుకుంటే గాలి అందదు. బూడిద పెట్టె నిండనివ్వకూడదు. నిండితే జాలీ వేడికి వంగిపోతుంది.

4. బొగ్గు: కట్టెల మాదిరి కొంచెం కొంచెం వేస్తే ఆంత్రసైట్ ఆరిపోతుంది. లోపలి ఇటుకల ఎత్తు వరకు మందంగా ఉండాలి. అయితే కొత్త బొగ్గు వేసేటప్పుడు ఒక మూల ఎర్రని నిప్పు కనబడేలా వదలాలి. పైకి వచ్చే వాయువు ఆ నిప్పుకే అంటుకుని కాలిపోతుంది. మొత్తం కప్పేస్తే ఆ వాయువు ఒక్కసారిగా పేలినట్టు అంటుకోవచ్చు.

5. ఫ్యాను: స్టౌ గోడలో ఇమిడి ఉంటుంది కాబట్టి వేడిని గదిలోకి తోసేది ఫ్యానే. దానిలో దుమ్ము పడితే వేడి వెనుక గోడకే పోతుంది.

చేయకూడని పని

వేడి బయటికి పోతోందని పొగగొట్టంలోని డ్యాంపర్ పూర్తిగా మూయకండి. వేడితోపాటు విషవాయువూ ఇంట్లోనే నిలిచిపోతుంది.

ఈ వాయువును ఎలా గుర్తించాలి?

దీనికి రంగు లేదు, వాసన లేదు. ఆంత్రసైట్ పొగ కూడా పెద్దగా రాదు కనుక అనుమానం కలగదు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, మగత వస్తాయి. జ్వరం లేకుండా ఇంట్లో అందరికీ ఒకేసారి ఇలా ఉండి, బయటికి వెళ్తే తగ్గితే దీన్నే అనుమానించాలి. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. వేలికి పెట్టే ఆక్సిమీటరు బాగానే ఉందని చూపినా నమ్మకూడదు. అది ఈ వాయువును ఆక్సిజన్‌గానే లెక్క వేయవచ్చు. చికిత్స ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిజన్.

ప్రతి అంతస్తులో, పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. అలారం లేకుండా స్టౌ వెలిగించకూడదు.

మన ఇళ్లలో

బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు, కిటికీలు మూసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆ స్టౌకు పొగగొట్టమైనా ఉంది, కుంపటికి అదీ లేదు. తల్లికీ బిడ్డకూ వెచ్చని బట్టలు వేయండి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టండి. కుంపటి మాత్రం గదిలో వద్దు.

చర్చించుకోండి

1. వేడి తగ్గడానికి, తలనొప్పి రావడానికి ఒకే కారణం ఎలా అవుతుంది?
2. మీ వీధిలో బాలింత ఉన్న ఇంట్లో కుంపటి ఉందా? ఈ వారం వెళ్లి ఎవరు చెబుతారు?
3. చలి దేశంలో ఉన్న మీ పిల్లలకు ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏ ఒక్క మాట అడుగుతారు?