బర్తిమయి వేషం – వణుకుడు జబ్బు ఉన్నవారికి ఒక సాధన



ఒక పెద్దాయన ప్రభువు బల్లకు రావడం మానేశారు. విశ్వాసం చల్లారిందని సంఘంలో కొందరు అనుకున్నారు. "ఎప్పుడూ కోపంగానే ఉంటారమ్మా, నవ్వరు, అడిగితే గొణుగుతారు" అని ఇంటామె మా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారు. అది కోపం కాదు. చేయి వణికి గ్లాసు ఒలికిపోతుందని ఆయన భయం. మేము కూడ మొదట ఆయన్ని మొండిమనిషి అనే అనుకున్నాము.

ఇది పార్కిన్సన్స్ జబ్బు. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు దీన్ని వివరంగా రాశారు. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. వణుకు అందరికీ ఉండదు. కాని కదలికలన్నీ చిన్నవవుతాయి: అడుగు, చేతిరాత, గొంతు, చివరకు ముఖంలో నవ్వు కూడ. లోపల సంతోషం ఉన్నా పైకి కనబడదు. తాను మామూలుగానే మాట్లాడుతున్నానని రోగి అనుకుంటారు.

మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఆడేవారిని మీలో చాలామంది చూసే ఉంటారు. మైకు లేని రోజుల్లో వేషగాడు చివరన కూర్చున్నవారికి వినబడాలని గొంతెత్తేవాడు, కనబడాలని చేయి బారుగా చాపేవాడు, తాళానికి అడుగు వేసేవాడు. ఈ జబ్బు చిన్నవి చేసినవాటినే నాటకం పెద్దవి చేయమంటుంది. 2010లో ఇటలీ డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. 20 మంది రోగులలో 10 మందికి నాటక శిక్షణ, 10 మందికి ఫిజియోథెరపీ, 3 ఏళ్లపాటు ఇచ్చారు. నాటకం నేర్చినవారిలో ఎక్కువ మెరుగు కనిపించింది. చూసింది 20 మందినే కాబట్టి మేము దీన్ని ఎక్కువ చేసి చెప్పము. ఇది జబ్బును నయం చేయదు, మందు మానకూడదు.

ఇంట్లో చేయడానికి మార్కు సువార్త 10వ అధ్యాయంలోని బర్తిమయి కథ చాలు. రోగి చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోవాలి. మనుమలు జనసమూహమై "ఊరుకో తాతా" అనాలి. తాత ఊపిరి నిండా పీల్చి, వాకిలి అవతలికి వినబడేలా కేక వేయాలి. మళ్లీ ఊరుకోమంటే ఇంకా గట్టిగా! తరువాత భుజం మీది తువ్వాలు తీసి చేయి చాపి దూరంగా విసరాలి. పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు వంగి, కుర్చీ చేతులు పట్టుకుని లేవాలి. నేలమీద సుద్దతో గీతలు గీసి, ఒక్కొక్కటి దాటుతూ నడవమనండి. అడుగు అతుక్కుపోతే చేయి పట్టి లాగవద్దు. ఆగనిచ్చి, తెలిసిన కీర్తనకు తాళం వేయండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మందు బాగా పనిచేస్తున్న వేళలోనే చేయాలి. పక్కన ఒకరు ఉండాలి, నేల తడిగా ఉండకూడదు. లేచినప్పుడు కళ్లు తిరిగితే కూర్చోబెట్టి, డాక్టరుగారికి తెలియజేయండి. జక్కయ్య కథ వేస్తామని కొందరు అడుగుతున్నారు. చెట్టెక్కే వేషాలు మాత్రం వద్దు.

ఆ పెద్దాయనకు గ్లాసు సగమే నింపి ఇవ్వమని పాస్టరుగారికి చెప్పాము. ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుంటున్నారు. ఆయన "ఆమేన్" వెనక వరుసకు వినబడుతోంది.