డబ్బా రేకుపై తగరపు పూత: నిమ్మ, మామిడి, రొయ్యల నిల్వలో దాని పాత్ర

నెల్లూరు, గూడూరు మధ్య జాతీయ రహదారిపై ఉన్న మనుబోలుకు ఇరుగుపొరుగున గూడూరు, పొదలకూరు నిమ్మకు పేరుపొందాయి; తూర్పున తీరం వెంబడి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఇక్కడ ఆహారశుద్ధి కేంద్రం నెలకొల్పదలచినవారు యంత్రాలతో పాటు డబ్బా రేకును కూడా శ్రద్ధగా ఎంచుకోవాలి. మామిడి గుజ్జుకు సరిపడే డబ్బా రొయ్యకు సరిపడదు.

ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించడం తెలుగు ఇళ్లలో అందరూ ఎరిగినదే. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుము పడుతుంది. డబ్బా రేకుకు పూసేదీ ఆ తగరమే, అడుగున ఉన్నది మాత్రం పలుచని ఉక్కు. వాడుకలో ‘టిన్ను’ అన్నప్పటికీ ఆ రేకు బరువులో తగరం సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. పూర్వం రేకును కరిగిన తగరంలో ముంచేవారు. 1942లో మలయా జపాను వశమై తగరానికి కరువు ఏర్పడడంతో, తక్కువ లోహంతో సరిపెట్టే విద్యుత్ లేపనం వేగంగా వ్యాపించింది.

ఈ పద్ధతిలో ఉక్కు రేకును క్షారంతో, ఆమ్లంతో శుభ్రపరచి, తగర లవణ ద్రావణం గుండా నడుపుతారు. రేకు ఋణధ్రువం, తగరపు కడ్డీలు ధనధ్రువం. ఒక ఆంపియర్ విద్యుత్తు గంటసేపు ప్రవహిస్తే సుమారు 2.2 గ్రాముల తగరం పేరుకుంటుంది. చదరపు మీటరుకు 2.8 గ్రాముల పూత కావాలంటే, 2500 ఆంపియర్ల వద్ద రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ పూత మందం 0.4 మైక్రాన్ల లోపే. పిదప రేకును 232 డిగ్రీల సెల్సియస్‌కు మించి క్షణకాలం వేడిచేస్తే తగరం కరిగి మెరుపు వస్తుంది. ఉక్కుకూ తగరానికీ నడుమ పలుచని మిశ్రలోహపు పొర ఏర్పడుతుంది.

ఇంత పలుచని పూతలో సూదిమొన రంధ్రాలు తప్పవు. డబ్బా వెలుపల తేమ తగిలితే ఆ రంధ్రాల వద్ద ఇనుమే తుప్పు పడుతుంది, తగరం దానిని కాపాడలేదు. లోపల గాలి లేని పండ్ల ఆమ్లంలో ఈ వరుస తారుమారవుతుంది: తగరం తాను మెల్లగా కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. అందుకే లేత రంగు పండ్లకు సాదా తగరపు డబ్బా చెల్లుతుంది. నేరేడు వంటి ముదురు రంగు పండ్లు మాత్రం అందులో వెలిసిపోతాయి, వాటికి లోపల లాకర్ పూత ఉండాలి. నిమ్మరసపు ఆమ్లత మరీ ఎక్కువ కనుక దానికి గాజు సీసాయే మేలు.

రైతు చేతిలో ఉన్న అంశం నత్రజని. మోతాదు మించి వేసిన ఎరువు టమాటా వంటి పంటల్లో నైట్రేట్‌గా మిగిలితే, డబ్బాలో అది తగరం కరగడాన్ని ఎంతో వేగవంతం చేస్తుంది. కోడెక్స్ ప్రమాణం ప్రకారం డబ్బా ఆహారంలో తగరం కిలోకు 250 మిల్లీగ్రాములు, పానీయాల్లో 150 మిల్లీగ్రాములు మించరాదు. పొలంలో వేసిన యూరియా వల్ల నెలల తరువాత గోదాములోని సరుకు తిరస్కృతం కావచ్చు. డబ్బాల్లోకి వెళ్లే పంటకు నేల పరీక్ష ఈ కారణంగానూ అవసరం.

రొయ్యలో గంధకం గల మాంసకృత్తులు ఉంటాయి. వేడిచేసినప్పుడు వెలువడే సల్ఫైడు తగరంతో, ఇనుముతో కలిసి నల్లని మరకలు పడతాయి. ఈ మరకలను నివారించడానికి జింక్ ఆక్సైడు కలిపిన లాకర్ పూసిన డబ్బాలను వాడతారు. తగరానికి బదులు క్రోమియం పూసిన రేకు చవకే గాని, లాకర్ లేనిదే పనికిరాదు, సోల్డరు అంటుకోదు.

తీరప్రాంతపు ఉప్పుగాలిలో ఖాళీ డబ్బాలను నేలపై పేర్చక, చెక్క దిమ్మెలపై, పొడి గదిలో ఉంచాలి. గీతలు పడినవి, అంచు సొట్టలున్నవి ముందే వేరుచేయాలి. ఉబ్బిన డబ్బాను తెరచి రుచి చూడరాదు, పారవేయాలి. తెరచిన డబ్బాలో గాలి సోకి తగరం త్వరగా కరుగుతుంది కాబట్టి మిగిలిన గుజ్జును వెంటనే గాజు లేదా స్టీలు పాత్రలోకి మార్చాలి.