‘లైను’ – రాయపూరు తెలుగున ఒక ఆంగ్లపదము

ఆంగ్లపదమునకు తెలుగున అర్థము వ్రాయునపుడు మన నిఘంటుకర్తలు ఆంగ్లభాషలోని అర్థములనే ఎదుట నుంచుకొందురు. ‘లైను’ అను మాటకు గీత, రేఖ, పంక్తి, వరుస అని వ్రాసి ముందునకు సాగుదురు. ఆంగ్లగ్రంథము చదువువానికి ఇది చాలును. కాని తెలుగువాని నోట నిత్యము వినబడు ‘లైను’ను ఈ నాలుగు మాటలును పట్టియీయజాలవు. బడిపిల్లలు ‘లైను గీయుట’ కలదు గాని, అరచేతి గీతను ఎవడును లైను అనడు. లక్ష్మణరేఖ లక్ష్మణుని లైను కాలేదు. ఎరవు వచ్చిన మాట పాతమాటల నన్నిటిని త్రోసివేయదు; తనతో కూడ వచ్చిన వస్తువు చుట్టును తనకొక చోటు చూచుకొనును. ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూరు దీనికి చక్కని నిదర్శనము.

ఈ మాటకు మూలము లాటిను. అవిసెనారతో పేనిన దారమునకు ఆ భాషలో ‘లీనియా’ అని పేరు. దారము గీతయై, గీత వరుసయై, వరుస మార్గమైనది. మన ‘సూత్రము’ నూలుపోగు నుండి నియమమునకు ఎక్కినట్టిదే ఈ ప్రయాణము.

రాయపూరు తెలుగువారికి ‘లైను’ అనగా మొదట తోచునది రైలుదారి. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూరు రైల్వే ఈ ప్రాంతమున ఇనుపదారులు పరచినది. విజయనగరమును రాయపూరుతో కలుపు మార్గము 1931లో పూర్తియైనది. 1933లో విశాఖ రేవు తెరవబడినది. రైల్వే కొలువులకై ఉత్తరాంధ్రము నుండి వచ్చిన కుటుంబములు రాయపూరున స్థిరపడినవి. ఒకే దారికి రెండు కొసల రెండు పేర్లు: రాయపూరున అది వాల్తేరు లైను, విజయనగరము వైపు రాయపూరు లైను. ఏ కొసనున్నవాడు అవతలికొసను బట్టి పేరు పెట్టుకొనును. వాల్తేరు స్టేషను పేరు విశాఖపట్నముగా మారినను రాయపూరున దారి పేరు మాత్రము మారలేదు.

రెండవ యర్థము నివాసమునకు సంబంధించినది. సిపాయిల గుడారములు, పాకలు బారులు తీర్చి వేయుటనుబట్టి దండువిడుదులకు ‘లైన్సు’ అని పేరు వచ్చెను. పోలీసు లైను, సివిల్ లైన్సు అనునవి దాని సంతతి. రాయపూరు జనులు బహువచనమును విడిచి ‘సివిల్ లైన్’ అనియే అందురు. ఇచ్చట లైను ఒక పేట. గుంటూరు బ్రాడీపేటలోనో, లైను ఒక వీధి. ‘నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు’ అనిన చాలును, ఇల్లు దొరకును. ఒక్క మాటయే ఒక ఊర పేటయై, మరియొక ఊర వీధియైనది. ఈ భేదము ఏ ఆంగ్లనిఘంటువును తిరుగవేసినను కానరాదు.

ఇక జాతీయముల మాట. ఒంటిదారిపై రెండు బండ్లు ఎదురుపడిన నిలువున ప్రాణనష్టము. కావున తరువాతి స్టేషనునుండి అనుమతి పొందనిదే బండిని విడువరాదు. ఆ అనుమతియే ‘లైన్ క్లియర్’. దానికి గుర్తుగా యంత్రమునుండి వెలువడిన టోకెను బంతిని డ్రైవరు చేతికి ఇచ్చెడివారు. అది చేతలేనివాడు ముందడుగు వేయరాదు. ఇంత ప్రాణావసరమైన మాట కనుకనే స్టేషను దాటి లోకమున వ్యాపించినది. పెండ్లిమాట కుదిరిన ‘లైన్ క్లియర్’. ఉద్యోగపు ఉత్తరువు వెలువడిన ‘లైన్ క్లియర్’. అట్లే, వెనుకనుండి వచ్చు బండికి త్రోవ యిచ్చుటకై ఒక బండిని ప్రక్కకు మలపి నిలుపు దారి ‘లూప్ లైను’. ప్రాధాన్యము లేని పదవికి మార్చబడిన అధికారిని ‘లూప్ లైనులో పెట్టినారు’ అని పత్రికలు వ్రాయును. ఆ మాటలో ఆ అధికారి కన్నుల ముందే ఇతరుల బండ్లు దాటిపోవుట కూడ కనబడును. ఇవి ఆంగ్లమునుండి అనువదించుకొన్నవి కావు; మన రైలుపనివారు ప్రతిదినము చూచిన దృశ్యములు.

వ్యాకరణమును గూడ గమనింపవలెను. హిందీలో ఈ మాట స్త్రీలింగము. తెలుగున అమహత్తు, ఉకారాంతము. మొండివాడు మాట విన్నచో హిందీవారు ‘లైన్ పర్’ వచ్చెననగా, తెలుగువారు ‘లైనులోకి’ వచ్చెనందురు. యువకుల వాడుకలో హిందీలైనును ‘మార్’దురు, అనగా కొట్టుదురు, తెలుగువారు ‘వేయుదురు’. ఈ వేయుట వల వేయుటకు చుట్టమని నా యూహ. ఇది నిఘంటువునకు తగని మాట యని ముఖము చిట్లించుట శాస్త్రము కాదు. హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ పెరుగు తెలుగుబాలుడు ఏ విభక్తి, ఏ క్రియ వాడునో చూచిన, అతని తెలుగు ఎంత నిలిచినదో తెలియగలదు.

బ్రౌను 1854లోనే అన్యదేశ్యములకు వేరుగ మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయమునకు 1962లో, చేనేతకు 1971లో వెలువడినది. కాని ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో జరిగినది. రాయపూరు దాని పొలిమేరకు వెలుపల నున్నది. జోడుదారులును, క్రొత్త సంకేతయంత్రములును వచ్చిన కొలది టోకెను బంతిని చేత పట్టినవారు తరిగిపోవుచున్నారు. వారిని కలిసికొను సేకర్త ‘లైను అనగా నేమి’ అని అడిగిన, రైలుపట్టాలు అని యొక్క ముక్క చెప్పి యూరకుందురు. లైను ఎవరు ఇత్తురు, ఎవరు పుచ్చుకొందురు, ఇయ్యకున్న నేమగును అని అడుగవలెను.