పంజరం వాసన, ఇంట్లో పేచీ

సమస్య

మేం డల్లాస్ దగ్గర కాపెల్‌లో ఉంటున్నాం. పదకొండేళ్ల మా అబ్బాయి పట్టుబట్టి ఒక కాకటీల్ పక్షిని కొనిపించుకున్నాడు. పంజరం తనే కడుగుతానన్నాడు. నెల తిరక్కుండానే ఆ పని నా నెత్తిన పడింది. ఆఫీసు హడావుడిలో శనివారం దాకా నేనూ దాని జోలికి వెళ్లలేను. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి ఆ వాసన పడటం లేదు. "మా ఊళ్లో వసారాలో చిలక పంజరం వేలాడేది, ఏనాడూ ఇంత కంపు లేదు" అంటారు. పొద్దున పంజరం పక్కనే అగరుబత్తులు, సాయంత్రం సాంబ్రాణి. మొన్న అడుగు పళ్లెంలో ఫినాయిల్ కూడా పోశారు. కొన్నాళ్లుగా ఆవిడకు పొడిదగ్గు. పక్షిని ఎవరికైనా ఇచ్చేయమని మావారు, ఇచ్చేస్తే అన్నం తిననని పిల్లాడు. నన్నేం చేయమంటారు?

– ఒక సోదరి, కాపెల్ (టెక్సాస్)

సలహా

ముందు దగ్గు సంగతి చూడండి. ఎండిన రెట్టల దుమ్ము పీల్చడం వల్ల అరుదుగా సిటకోసిస్ అనే జబ్బు మనుషులకు సోకుతుంది. జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు దాని లక్షణాలు. యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. కాకటీల్ ఈకల నుంచి రాలే తెల్లటి పొడి కూడా కొందరికి పడదు. అత్తయ్యగారిని డాక్టరుకు చూపించి, ఇంట్లో పక్షి ఉందని మీరే చెప్పండి. వాళ్లు అడక్కపోవచ్చు. అప్పటిదాకా ఆవిడను పంజరం ముట్టుకోనివ్వకండి.

ఆవిడ మాటలో నిజముంది. వసారాలో గాలి ఆడుతుంది. టెక్సాస్ ఎండలకు తలుపులు బిగించి ఏసీ వేసుకున్న ఇంట్లో వాసన బయటికి పోయే దారి లేదు. అయితే దాన్ని పొగతో కప్పితే పక్షికి ముప్పు. ఊపిరి తీసినప్పుడే కాదు, వదిలినప్పుడూ దాని ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్తుంది. అందుకే విషవాయువు మనకంటే ముందు పక్షికి తగులుతుంది. బ్రిటన్ బొగ్గుగనుల్లో 1986 దాకా కేనరీ పిట్టలను వాడింది ఇందుకే. ఫినాయిల్ ఘాటు, రూమ్ స్ప్రే కూడా మంచివి కావు. నాన్‌స్టిక్ దోసె పెనం మరీ కాలిపోతే వచ్చే ఆవిరి పక్షి ప్రాణం తీయగలదు. అక్కడి ఇళ్లలో వంటగది, హాలు కలిసే ఉంటాయి కనుక పంజరాన్ని వేరే గదిలోకి మార్చండి. అత్తయ్యగారి పూజ మానిపించక్కర్లేదు, పక్షి గది తలుపు వేస్తే చాలు.

ఇక శుభ్రం. శనివారం దాకా ఆగడమే అసలు చిక్కు. పంజరం అడుగున నాలుగైదు పొరలు న్యూస్‌పేపర్ పరిచి రోజూ పై పొర తీసేయండి. రెట్టల రంగు, తీరు మారితే కాగితం మీద వెంటనే తెలుస్తుంది, పశువైద్యుడికి చూపించవచ్చు. నీళ్ల గిన్నె రోజూ సబ్బుతో కడగాలి. ఎండిన రెట్టలను పొడిగా గీకకండి, నీళ్లు చిలకరించి నానాక తడిగుడ్డతో తుడవండి.

వారానికోసారి పక్షిని వేరేచోట ఉంచి పంజరాన్ని వేడినీళ్లతో, గిన్నెల సబ్బుతో తోమండి. తర్వాత గ్యాలన్ నీళ్లకు అరకప్పు బ్లీచ్ కలిపి రాసి, పది నిమిషాలాగి, వాసన పోయేదాకా కడిగి ఎండబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ మరో క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఈకల పొడి పట్టేస్తుంది కనుక ఏసీ ఫిల్టరు కూడా తరచూ మార్చండి.

పనులు పంచండి. కాగితం, నీళ్ల గిన్నె అబ్బాయివి. బడికి వెళ్లేముందు ఐదు నిమిషాలు చాలు, తర్వాత చేతులు కడుక్కోవాలి. బ్లీచ్ పని పెద్దలది. ఇచ్చేయమన్న మీవారికే అప్పగించండి. డాక్టరు సరేనంటే, పక్షికి కొత్తిమీర రెబ్బలు అందించే పని అత్తయ్యగారికి ఇవ్వండి. అవకాడో మాత్రం పెట్టనివ్వకండి, అది పక్షులకు విషం.

ఒక నెల ఇలా నడిపి చూడండి. అప్పటికీ అబ్బాయి తన వంతు చేయకపోయినా, దగ్గుకు పక్షే కారణమని డాక్టరు తేల్చినా, మీవారి మాటే సరైనది. అప్పుడు పక్షిని శ్రద్ధగా చూసుకునే ఇంటికి ఇచ్చేయండి.