సీతమ్మను ఓదార్చే ముందు హనుమంతుడు ఏం చేశాడు?



నవరాత్రులలో సుందరకాండ పారాయణ చేసే ఆనవాయితీ మనలో చాలామంది ఇళ్లలో ఉంది. ఊళ్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చేసేవారు. ఈ దేశం వచ్చాక కొందరం పుస్తకం పట్టుకుని, మరికొందరం ఆఫీసుకు వెళ్తూ కారులో ఎం.ఎస్. రామారావు గారి గొంతులో వింటూ ఆ ఆనవాయితీని నిలబెట్టుకుంటున్నాం. కష్టాలు తీరతాయని, పిల్లలకు సంబంధాలు కుదురుతాయని, ఉద్యోగం నిలబడుతుందని చదువుతాం. ఆ నమ్మకాన్ని మేము కాదనడం లేదు. కానీ ఈసారి అదే కాండను మరో ప్రశ్నతో చదివి చూద్దాం. మనసు చెదిరిపోయిన మనిషికి పక్కనున్నవారు శాంతిని ఎలా అందించగలరు? అందుకు ముందు తమలో ఏం సర్దుకోవాలి? వాల్మీకి మహర్షి దీనికి ఎంతో వివరంగా సమాధానం చెప్పారు. వైద్యవృత్తిలో ఉన్నవాళ్లం కాబట్టి కాబోలు, ఆ వివరాలు మాకు మరీ దగ్గరగా తోచాయి.

ముందు సీతమ్మ స్థితి చూద్దాం. రావణుడు వచ్చి రెండు నెలలు గడువు పెట్టి వెళ్లాడు. చుట్టూ ఉన్న రాక్షసస్త్రీలు చంపుతాం, తింటాం అని బెదిరిస్తున్నారు. 28వ సర్గకు వచ్చేసరికి ఆ తల్లి తన జడతోనే ప్రాణం తీసుకుందామన్న ఆలోచన దాకా వెళ్లింది. పారాయణలో ఈ సర్గను మనం వేగంగా చదివి దాటేస్తాం, ఎందుకంటే తరువాత మంచి శకునాలు వస్తాయని తెలుసు. కాసేపు అక్కడ ఆగండి. ఇలాంటి మాట మన ఇంట్లో ఎవరైనా అంటే అది ఆసుపత్రి భాషలో అత్యవసర పరిస్థితి. హనుమంతుడు శింశుపా వృక్షం మీద కూర్చుని చూస్తున్నది అటువంటి మనిషిని.

అయితే ఆ రాత్రి చావు గురించి ఆలోచించినది సీతమ్మ ఒక్కతే కాదు. పదిహేను సర్గల ముందు హనుమంతుడు కూడా అదే అంచున నిలబడ్డాడు. లంక అంతా వెతికాడు. అంతఃపురంలో మండోదరిని చూసి సీతమ్మే అనుకుని పొంగిపోయాడు, కాదని తెలిసి నీరుగారిపోయాడు. 13వ సర్గలో ఆయన మనసు ఎలా నడిచిందో చూడండి. సీత జాడ తెలియకుండా తిరిగి వెళ్తే రాముడు బతకడు. రాముడు లేకపోతే లక్ష్మణుడు ఉండడు. వాళ్లు పోయారని తెలిస్తే భరత శత్రుఘ్నులు, ఆ వెంట తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరకు వానరజాతి మొత్తం! ఒక్క రాత్రి వెతుకులాట ఫలించనందుకు రెండు రాజ్యాలు మనసులోనే శ్మశానాలైపోయాయి. తిరిగి వెళ్లకుండా సముద్రం ఒడ్డున వానప్రస్థుడిలా ఉండిపోనా, నిప్పుల్లో దూకనా అని కూడా అనుకున్నాడు.

ఈ గొలుసు మనకు కొత్త కాదు. రాత్రి రెండు గంటలకు ఇండియా నుంచి ఫోన్ మోగితే, రిసీవర్ ఎత్తేలోపు మనసు విమానం టికెట్టు దాకా వెళ్లిపోతుంది. అబ్బాయికి లెక్కల్లో బి వచ్చిందంటే, మంచి కాలేజీ రాదు, ఉద్యోగం రాదు, జీవితం పోయింది అని వంటింట్లో నిలబడే నలభై ఏళ్లు ముందుకు పరుగెత్తుతాం. జరిగినదానికీ ఊహించినదానికీ తేడా శరీరానికి అంతగా తెలియదు. ఊహకే గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, శ్వాస పైపైన ఆడుతుంది. ఒత్తిడి మొదలైన ఇరవై ముప్పై నిమిషాలకు గాని కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో తారస్థాయికి చేరదు. అంటే మాటల యుద్ధం అయిదు నిమిషాల్లో ముగిసినా శరీరం మాత్రం చాలాసేపు యుద్ధంలోనే ఉంటుంది. అప్పుడు వెళ్లి పిల్లవాడికి ధైర్యం చెబుదామన్నా మన గొంతే మనల్ని పట్టిస్తుంది.

హనుమంతుడు ఆ గొలుసు నుంచి ఎలా బయటపడ్డాడు? చనిపోవడంలో దోషాలు ఎన్నో ఉన్నాయి, బతికి ఉంటే శుభం చూసే అవకాశం ఉంటుంది అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. అప్పుడు కంటికి ఒక చిన్న విషయం ఆనింది. దూరంగా చెట్లు దట్టంగా ఉన్న వనం ఒకటుంది, అక్కడ ఇంకా వెతకలేదు! అప్పుడు దేవతలకు, రామలక్ష్మణులకు, ఇంకా తనకు కనబడని సీతమ్మకు కూడా నమస్కరించి ముందుకు కదిలాడు. మా దృష్టిలో ఇందులో కీలకం ఆ వనం కనబడడమే. దిగులు పూర్తిగా పోయాక ఆయన లేవలేదు. ఊహించుకున్న వంద మరణాల నుంచి మనసును మళ్లించి, ఎదురుగా ఉన్న ఒక్క పని మీద పెట్టాడు. శాంతి అంటే మనసులో ఏ అలా లేకపోవడమని మనం అనుకుంటాం. వాల్మీకి చూపించిన శాంతి అది కాదు. తరువాత వేయవలసిన అడుగు కనిపించేంత తేటదనం ఉంటే చాలు.

ఆ తేటదనానికి పారాయణ కూడా సాయపడుతుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. 2001లో ఇటలీ వైద్యులు ఒక పరిశోధనను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన చేసినా, బౌద్ధ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గుతోందని, రక్తపోటును అదుపు చేసే నాడీవ్యవస్థ మెరుగ్గా స్పందిస్తోందని అందులో తేల్చారు. వాళ్లు మన శ్లోకాలను పరీక్షించలేదు, అందువల్ల రామాయణానికి సైన్సు ముద్ర పడిందని మేము అనము. కానీ శ్లోకాన్ని నిదానంగా, ఊపిరి వదులుతూ చదివితే గుండె వేగం నెమ్మదించడం ఎవరికి వారు చేయి పట్టుకుని నాడి చూసుకోదగిన విషయమే. పార్కింగులో చోటు కోసం వాదులాడి వచ్చి, ప్రసాదాల వేళకు పూర్తిచేయాలని గబగబా చదివేస్తే మాత్రం ఈ లాభం ఉండదు.

ఇప్పుడు చెట్టు మీదకు వద్దాం. 30వ సర్గ మొత్తం హనుమంతుడి ఆలోచనే, ఒక్క మాట కూడా పైకి రాదు. ఓదార్చకుండా వెళ్లిపోతే ఆమె ప్రాణాలు వదలవచ్చు. హఠాత్తుగా మాట్లాడితే భయపడి కేక వేయవచ్చు, రాక్షసులు చుట్టుముట్టవచ్చు, పోరాటంలో అలసిపోతే తిరిగి సముద్రం దాటే శక్తి ఉండకపోవచ్చు. ఇక్కడ కూడా ఇలా జరిగితే అలా అవుతుందన్న గొలుసే ఉంది. కానీ 13వ సర్గలోని గొలుసు ఆయనను లాక్కుపోయింది, ఈ గొలుసును ఆయనే పట్టుకుని నడిపిస్తున్నాడు. భాష గురించి కూడా ఆలోచించాడు. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడే అనుకుని బెదిరిపోతుంది, మామూలు మనుషులు మాట్లాడుకునే మాటల్లోనే చెప్పాలి అని నిశ్చయించుకున్నాడు.

ఈ ఒక్క చోట మన ప్రవాస తల్లిదండ్రులందరం ఆగి ఆలోచించాలి. పిల్లలకు తెలుగు రావాలన్న పట్టుదల మాకూ ఉంది, ఆదివారం తరగతులకు మా ఇంటి నుంచీ పిల్లలు వస్తారు. కానీ చాలా ఇళ్లలో తెలుగు తిట్లకూ, ఇంగ్లీషు హోంవర్కుకూ స్థిరపడిపోయింది. బిడ్డ గది తలుపు వేసుకుని ఏడుస్తున్నప్పుడు ఏ భాషలో మాట్లాడాలి? ఆ బిడ్డ ఏ భాషలో ఏడుస్తున్నదో ఆ భాషలో. ఉచ్చారణ సరిగా లేకపోయినా ఫరవాలేదు, వ్యాకరణం తరువాత చూసుకోవచ్చు.

హనుమంతుడు పలికిన మొదటి మాటల్లో సలహా లేదు. "భయపడకు" అని కూడా మొదలుపెట్టలేదు. దశరథ మహారాజు దగ్గర నుంచి ఎత్తుకుని రామకథ మెల్లగా చెప్పుకుంటూ పోయాడు, ఆమెకు ఇష్టమైన పేరు ఆమె చెవిన పడేలాగ. తరువాత చెట్టు దిగి నమస్కరించాడు. మాట కలిశాక దగ్గరకు రాబోతే ఆమెకు మళ్లీ అనుమానం వచ్చింది, వీడు రావణుడేమో అని. ఇంత దూరం సముద్రం దాటి వచ్చినవాడికి ఆ అనుమానం ఎంత కష్టంగా ఉండాలి! ఆయన నొచ్చుకోలేదు, వినయంగా నిలబడ్డాడు. రామలక్ష్మణులు ఎలా ఉంటారో చెప్పమంటే తల నుంచి పాదం దాకా ఓపికగా వర్ణించాడు. ఉంగరం ఇచ్చినది ఆ తరువాత, 36వ సర్గలో. మొదటి మాటకూ ఉంగరానికీ మధ్య అయిదు సర్గల దూరం ఉంది. అందరికీ ఉంగరమే గుర్తుంటుంది, కానీ దాన్ని నమ్మగలిగే స్థితికి ఆమెను తీసుకువచ్చినవి ఆ అయిదు సర్గలే.

మన ఇళ్లలో ముందే ఉంగరం విసిరేస్తాం. "నీకేం తక్కువ చేశాం?", "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?", "కాసేపు ధ్యానం చెయ్యి, అదే పోతుంది." గరాజు తలుపు చప్పుడును బట్టే నాన్న ఈరోజు ఏ మూడ్‌లో ఉన్నాడో చెప్పగలమని పెద్ద పిల్లలు వైద్యుల దగ్గర అంటూ ఉంటారు. కారు దిగే ముందు ఇంజను ఆపి రెండు నిమిషాలు కూర్చుని, నిదానంగా పదిసార్లు ఊపిరి వదిలి లోపలికి వెళ్లండి. మందుల చీటీ అక్కరలేని వైద్యం ఇది.

ఒక్క విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదని అంటే, లేదా అలా అనిపించేలా ప్రవర్తిస్తే, మన శాంతస్వభావం ఒక్కటే చాలదు, పారాయణ ఒక్కటే చాలదు. ఆ ప్రశ్న సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు. అడగండి, వినండి, ఒంటరిగా వదలకండి, డాక్టరును కలవండి. అమెరికాలో 2022 జూలై నుంచి 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఆగిపోయే కుటుంబాలు మన సమాజంలో ఇప్పటికీ ఉన్నాయి. సీతమ్మకు కలిగిన ఆలోచనను వాల్మీకి దాచలేదు.

ఇంత చేసిన హనుమంతుడు ఆపైన సదా ప్రశాంతుడిగా ఉండిపోయాడా? లేదు. లంకను కాల్చాక 55వ సర్గలో ఒక్కసారిగా గుండె గుభేలుమంది. ఆ మంటల్లో సీతమ్మ కూడా కాలిపోయిందేమో! కోపం వచ్చినవాడు ఏ పని చేయడు, ఏ మాట అనడు అని తనను తాను నిందించుకున్నాడు. పొంగే కోపాన్ని బుద్ధితో, నీళ్లతో నిప్పును ఆర్పినట్టు ఆర్పుకోగలిగినవాళ్లు ధన్యులు అన్న భావం ఆయన నోట వచ్చేది ఇక్కడే. అంతలో ఆమె క్షేమమని ఆకాశంలో చారణులు చెప్పుకోవడం వినబడింది. అయినా ఆ మాటతో సరిపెట్టుకుని వెళ్లిపోలేదు. మళ్లీ అశోకవనానికి వచ్చి, ఆమెను కళ్లారా చూసి, మాట్లాడి, సెలవు తీసుకున్నాడు. ఆసుపత్రుల్లో దీన్ని మేము ఫాలో-అప్ అంటాం. మొదటిసారి ధైర్యం చెప్పి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. రెండోసారి తలుపు తట్టేవాళ్లు తక్కువ.

ఈ నవరాత్రులలో కాండ మొత్తం చదివే తీరిక లేనివారు 13వ సర్గ, తరువాత 28 నుంచి 36 వరకు, చివరగా 55, 56 చదవండి (కొన్ని ప్రతుల్లో సంఖ్యలు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు). పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని 30వ సర్గ కథగా చెప్పి, "నువ్వయితే ముందు ఏమనేవాడివి?" అని అడిగి చూడండి. వాళ్లు చెప్పే జవాబు, అది ఏ భాషలో వచ్చినా, మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా వినండి.